ఆంగ్లపు ‘హ్యావ్’ – తెలుగింటి ‘ఉండు’

ఆంగ్లభాషలో ‘హ్యావ్’ అను క్రియాపదము మిక్కిలి చిన్నది. ఒకటవ తరగతి పిల్లవాడు మొదలుకొని న్యాయస్థానమున వాదించు ప్లీడరు వరకు దీనిని పలుకకుండ ఒక్క పూట గడుపువారు లేరు. చిన్న పదమే గదా యని బడులలో దీనికి ఒకటి రెండు దినములు మాత్రమే యిచ్చి ముందునకు సాగిపోవుదురు. కాని మా వారు దిద్దుటకై యింటికి తెచ్చు ఉత్తరపత్రములను పెక్కేండ్లుగా చూచుచున్న మాకు, పిల్లలు పెద్ద పదముల యొద్ద కంటె ఈ చిన్న పదము యొద్దనే యెక్కువగా కాలు జారుచున్నారని తోచుచున్నది. పెద్ద పదమునకు భయపడి నిఘంటువు విప్పుదురు. చిన్న పదమును ఎరుగుదుమనుకొని విప్పరు. అందుచేత ఈ మాసమున ‘హ్యావ్’ అను క్రియకు గల అర్థములను, దానిని వాడవలసిన తీరును మా సోదరీమణుల యెదుట ఉంచదలచితిమి.

ఇది బడిపిల్లల పాఠము గదా, గృహిణులకు దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. పని యున్నది. తెలంగాణ ప్రభుత్వము 2022–23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినది. నాటి నుండి లెక్కలును, విజ్ఞానశాస్త్రమును, సాంఘికశాస్త్రమును ఆంగ్లముననే పల్లెటిండ్లలోనికి వచ్చుచున్నవి. సాయంకాలము దీపము పెట్టిన తరువాత పిల్లవాడు పుస్తకము విప్పగానే, అంతవరకు ప్రక్కన కూర్చుండిన తల్లి లేచి వంటింటిలోనికి పోవుచున్నది. అక్కడ పని యుండి కాదు, ‘నాకేమి తెలియును’ అను సంకోచముచేత. తల్లి లేచిపోయిన చోట పిల్లవాని శ్రద్ధయు నిలువదు. కొన్నాళ్లకు ‘మా అమ్మకు ఏమియు రాదు’ అను మాట వాని నోట వచ్చును. అది వినిన తల్లి మనస్సెట్లుండునో వేరుగా చెప్పనక్కర లేదు. తెలుగు చక్కగా మాటాడు తల్లికి ఈ క్రియలో ముప్పాతిక పాలు ముందే తెలిసియున్నదని చూపుటయే మా ఉద్దేశము.

మేముండు జుక్కల్ గ్రామము భాషలు కలియు చోట నున్నది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఈ ప్రాంతము నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో చేరియుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు దెగ్లూరు బొంబాయి రాష్ట్రమునకు పోగా, ఆ తాలూకాలోని జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు మాత్రము ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. నిజామాబాదు జిల్లాలో ఆరు పదుల యేండ్లుండి, 2016 అక్టోబరు నుండి కామారెడ్డి జిల్లాలో నున్నవి. ఒక ప్రక్క మహారాష్ట్రము, మరొక ప్రక్క కర్ణాటకమునందలి బీదరు జిల్లా. పటముపై గీతలు మారినవి గాని బాంధవ్యములు మారలేదు. సంతదినమున ఒక్క గంట నిలిచినచో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును చెవిని పడును. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూయే గాన, ఆ కాలమున ఉర్దూలో చదివిన తాతలును, తెలుగులో చదివిన తల్లులును, నేడు ఆంగ్లమున చదువు పిల్లలును గల కుటుంబములు ఈ సీమలో అరుదు కావు. తరము మారినప్పుడెల్ల బడిభాష మారినది. మారనిది ఇంటిభాష యొక్కటే.

ఈ నాలుగు భాషలను దగ్గరగా వినువారికొక వింత కనబడును. వీనిలో దేనియందును ఆంగ్లమందలి ‘హ్యావ్’ వంటి క్రియ నిత్యవ్యవహారమున లేదు. ‘ఐ హ్యావ్ టూ సన్స్’ అని ఆంగ్లేయుడనును. మనము ‘నాకు ఇద్దరు కొడుకులు ఉన్నారు’ అందుము. మరాఠీవారు ‘మలా దోన్ ముల్గే ఆహేత్’ అందురు. కన్నడిగులు ‘ననగె ఇబ్బరు మక్కళు ఇద్దారె’ అని తమ సంతానమును చెప్పుకొందురు. ఉర్దూవారు ‘మేరే దో బేటే హైఁ’ అందురు. సంస్కృతమునను ‘మమ ద్వౌ పుత్రౌ స్తః’ అనియే గదా నుడికారము. అన్నింటను క్రియ ‘ఉండుట’యే. కొడుకులు కర్తలు, తల్లి ‘నాకు’ అనియో ‘నా యొక్క’ అనియో ఒక ప్రక్క నిలుచును. ప్రాచీన రోమకుల లాటిను భాషలోను ‘మిహి ఎస్ట్’, అనగా ‘నాకు ఉన్నది’ అను ప్రయోగము కలదు. రష్యనులు నేటికిని ‘నా యొద్ద ఉన్నది’ అనియే చెప్పుదురు. కావున ఇది మన భాష యొక్క లోపము గాదు. లోకమున పెక్కు భాషల మార్గమిదియే. ఆంగ్లము మాత్రము ఉన్న వస్తువును వెనుకకు నెట్టి, దానిని గలవారిని ముందుకు తెచ్చి కర్తగా కూర్చుండబెట్టును. ‘నాకు’ అనునది ‘ఐ’ అగును, ‘ఉన్నది’ అనునది ‘హ్యావ్’ అగును. ఈ ఒక్క మార్పు మనస్సున నాటినచో మొదటి మెట్టు దాటినట్లే.

అయితే బడులలో సాధారణముగా ‘హ్యావ్ అనగా కలిగియుండు’ అని వల్లె వేయింతురు. అర్థము తప్పు కాదు గాని, ఈ మాట మన యిండ్లలో నెవరును పలుకరు. ‘నేను ఇద్దరు కొడుకులను కలిగియున్నాను’ అని యే తల్లియు పొరుగామెతో చెప్పదు. అది అనువాదగ్రంథముల తెలుగు. అందు మరియొక చిక్కు గలదు. ‘కలిగి యున్నాను’ అనునది చెవికి ‘చేయుచున్నాను’, ‘వ్రాయుచున్నాను’ అనువాని వలె ధ్వనించును. వ్రాయుచున్నాను అనగా ‘ఐ యామ్ రైటింగ్’ అయినప్పుడు, కలిగియున్నాను అనగా ‘ఐ యామ్ హ్యావింగ్’ కావలదా యని పిల్లవాడు తర్కించును. ‘ఐ యామ్ హ్యావింగ్ ఎ సైకిల్’, ‘షి ఈజ్ హ్యావింగ్ లాంగ్ హేర్’ అను వాక్యములు పుట్టుటకు ఇది యొక ముఖ్యకారణమని మా అభిప్రాయము. సొంతమును, బాంధవ్యమును, గుణమును, రోగమును చెప్పునప్పుడు ‘హ్యావింగ్’ పనికిరాదు. ‘ఐ హ్యావ్ ఎ సైకిల్’, ‘షి హ్యాజ్ లాంగ్ హేర్’, ‘ఐ హ్యావ్ ఫీవర్’ అనియే చెప్పవలెను. ఇందు నవ్వు పుట్టించు సంగతి యొకటి గలదు. ‘షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ’ అని ఆంగ్లేయులందురు గాని, దానికి ‘ఆమె కాన్పునకు సిద్ధముగా నున్నది’ అని యర్థము. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్’ అని యే తల్లియైన చెప్పినచో, వినువారు కవలల కొరకు ఉయ్యాల సిద్ధము చేయవలసి వచ్చును!

‘హ్యావ్’ యొక్క మార్గములు మూడు. మూడింటను మన ‘ఉండు’ దానితో కూడ నడచును. మొదటిది ‘నాకు ఉన్నది’. రెండవది ‘చేసి యున్నాను’. మూడవది ‘చేయవలసి యున్నది’. ఈ మూడు మాటలను తెలుగు తల్లి దినమునకు నూరు మారులు పలుకుచునే యుండును.

మొదటి మార్గమున మనము ఆంగ్లము కంటె సూక్ష్మముగా మాటాడుదుము. ‘నాకు పొలము ఉన్నది’ అనగా అది నా సొత్తు. ‘నా యొద్ద పుస్తకము ఉన్నది’ అనగా ఇప్పుడు నా చేతిలో నున్నది, అది యితరులది కావచ్చును. ‘నాకు జ్వరము వచ్చినది’ అందుము. ‘ఆమెకు ఓర్పు మెండు’ అని క్రియయే లేకుండ చెప్పుదుము. ఆంగ్లమున వీనికన్నింటికి ‘హ్యావ్’ ఒక్కటియే. ఆమె ఓర్పును గూర్చి చెప్పునప్పుడది ‘హ్యాజ్’ అగును, అంతియే భేదము. పని సులభమైనది గాని వెలితియు గలదు. ‘ఐ హ్యావ్ ఎ హౌస్’ అని చదువగానే ఆ యిల్లు ఆమె పేర నున్నదని అనుకొనరాదు. సొత్తని స్పష్టముగా చెప్పవలసిన చోట ‘ఓన్’ అను వేరు క్రియ యున్నది. స్త్రీలు ఈ భేదమును గుర్తెరుగుట మేలు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికారమునిచ్చినది. 2005 నాటి సవరణ ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమగు హక్కును దేశమంతటను కలిగించినది. హక్కు కాగితము మీదికి వచ్చిన దినములలో, మన చేతనున్న దానికిని, మనదైన దానికిని గల భేదమును చదివి తెలిసికొనజాలకుండుట తగదు. ఏ కాగితముపై నైనను సంతకము చేయుటకు ముందు ‘ఇది నా యొద్ద ఉన్నదా, నాకు ఉన్నదా’ అని తెలుగున అడిగి తెలిసికొనవలెను.

ఇక కాలభేదము. ‘హ్యావ్’, ‘హ్యాజ్’ అనునవి ఇప్పుడున్న దానికి. ‘హ్యాడ్’ అనునది ఒకప్పుడుండి యిప్పుడు లేని దానికి. పిల్లలు ‘హ్యావ్–హ్యాడ్–హ్యాడ్’ అని పద్యము వలె వల్లించుటయే గాని, ఏది యెప్పుడో ఎరుగరు. మధ్యాహ్నవేళ మా వసారాలో నలుగురైదుగురు సోదరీమణులు కూడి ఆంగ్లము నేర్చుకొనుచుందురు. వారిలో నొకామె తన చిన్న కుమార్తెకు వసతిగృహమున చోటు కోరుచు ఒక విజ్ఞప్తి వ్రాసి తెచ్చినది. అందు మొదటి వాక్యము ‘ఐ హ్యాడ్ టూ డాటర్స్’ అని యుండెను. ‘హ్యావ్’ కంటె ‘హ్యాడ్’ మర్యాదగా వినబడునని ఆమె తలపు. ‘నాకు ఇద్దరు కుమార్తెలుండిరి’ అని దీని యర్థమనియు, చదువు అధికారి వారిప్పుడు లేరనుకొనుననియు మేము చెప్పగానే ఆమె ముఖము తెల్లబోయినది. ‘అయ్యో, గదేం మాటమ్మా! నా బిడ్డలు సల్లగుండాలె’ అని ఆ యక్షరములు కానరాకుండ మూడు మారులు కొట్టివేసి, ‘హ్యావ్’ అని ఒత్తి వ్రాసినది. వ్యాకరణమును అంత శ్రద్ధతో దిద్దుకొనినవారిని మేము చూడలేదు. ఒక్క హల్లు మారినంతనే ప్రాణమున్న దానికిని, లేని దానికిని భేదమేర్పడుచున్నదని ఆ దినమున అందరకును తెలిసినది.

అదియంతయు వినుచు గోడకానుకొని కూర్చున్న ఒక పెద్దామె, ‘మరి మా ఆయన ముచ్చటకు ఏ మాట రాయాలె?’ అని యడిగినది. ఆమె భర్త గతించి పెక్కేండ్లయినది. ‘హ్యాడ్’ అని మేము మెల్లగా చెప్పితిమి. ఆమె కొంత తడవు ఊరకుండి, ‘ఆయన పెట్టిన మామిడి చెట్టున్నది గద, దానికి?’ అనెను. దానికి ‘హ్యావ్’ అనియే చెప్పవలెను. ‘ఐ హ్యావ్ ది మ్యాంగో ట్రీ హి ప్లాంటెడ్’ అని పలకపై వ్రాసి యిచ్చితిమి. నాటినది గతకాలము, చెట్టు వర్తమానము. ఒక్క వాక్యమున రెండు కాలములుండవచ్చునను సూత్రమును ఆమె ప్రశ్నయే మిగిలినవారికి బోధించినది.

రెండవ మార్గమున ‘హ్యావ్’ వేరొక క్రియకు తోడుగా వచ్చును. ‘ఐ హ్యావ్ కమ్’ అనగా ‘వచ్చి యున్నాను’. ‘ఐ హ్యాడ్ కమ్’ అనగా ‘వచ్చి యుంటిని’. ‘ఐ విల్ హ్యావ్ కమ్’ అనగా ‘వచ్చి యుందును’. ‘ఉండు’ ఎట్లు మారునో ‘హ్యావ్’ అట్లే మారుచున్నది గదా! ఆంగ్లమున ఈ ప్రయోగము పుట్టిన విధము కూడ తెలిసికొనదగినదే. పూర్వము వారు ‘నేసిన వస్త్రము నా యొద్ద ఉన్నది’ అను తీరున, ముగిసిన పనిని చేతనున్న వస్తువుగా చెప్పుచుండిరి. కాలక్రమమున అదియే ‘వస్త్రము నేసి యున్నాను’ అను అర్థమునకు మారినది. కావున ఈ రూపమున పని ముగిసినను దాని ఫలము నేటికిని నిలిచియున్నదను భావముండును. అందుచేతనే ‘నిన్న’, ‘పోయిన యేడు’, ‘2016లో’ అని గడచిన కాలమును పేర్కొనినప్పుడు దీనిని వాడరాదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ తప్పు. ‘ఐ సా హిమ్ ఎస్టర్‌డే’ ఒప్పు. తెలుగున ‘నిన్న చూచినాను’ అందుము గాని ‘నిన్న చూచి యున్నాను’ అని సాధారణముగా అనము. మన చెవియే ఇక్కడ గురువు.

ఇందే మరొక సొగసైన భేదము గలదు. ‘హి హ్యాజ్ గాన్ టు దెగ్లూర్’ అనగా దెగ్లూరునకు పోయి యున్నాడు, ఇంకను తిరిగి రాలేదు. ‘హి హ్యాజ్ బీన్ టు దెగ్లూర్’ అనగా పోయి వచ్చినాడు. ఆంగ్లము నేర్చువారు ఈ రెండింటిని కలిపివేయుదురు. తెలుగు గృహిణికి మాత్రము ఇది వెన్నతో బెట్టిన విద్య. గడప దాటునప్పుడు ‘పోతాను’ అనక ‘పోయి వస్తాను’ అని పలుకుట మన ఆచారము. పోవుటకును, పోయివచ్చుటకును గల భేదమును మన పెద్దలు ఎంత పట్టింపుతో కాపాడిరో పిల్లలకు గుర్తు చేసినచో, ‘గాన్’, ‘బీన్’ అనువానిని వారు మరల మరువరు.

మూడవ మార్గము ‘హ్యావ్ టు’. ‘ఐ హ్యావ్ టు గో’ అనగా ‘నాకు పోవలసి యున్నది’. వాడుకలో దీనిని ‘హ్యాఫ్ టు’ అని పలుకుదురు. ఇది సులభమే గాని, దీని వ్యతిరేకమున ప్రమాదము గలదు. ‘యు డోంట్ హ్యావ్ టు గో’ అనగా ‘పోనక్కర లేదు’ అని యర్థము. పోయినను దోషము లేదు. ‘యు మస్ట్ నాట్ గో’ అనగా ‘పోరాదు’. అక్కర లేదనుటకును, కూడదనుటకును ఎంత దూరమో ఇల్లు నడుపువారికి తెలియును. మందు విషయమున ఈ దూరము ప్రాణముతో సమానము. ‘యు డోంట్ హ్యావ్ టు టేక్ దిస్ టాబ్లెట్’ అని యున్నచో ఆ మాత్ర వేసికొనుట మన యిష్టము. ‘యు మస్ట్ నాట్ టేక్’ అని యున్నచో వేసికొనరాదు. మందు పెట్టెపై నున్న ఆంగ్లమును పిల్లలచేత చదివించుకొను తల్లులు, ‘అక్కర లేదన్నాడా, వద్దన్నాడా?’ అని తప్పక అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకై పిల్లవాడు మరల ఆ వాక్యమును చూచును. రోగికిని మేలు, పిల్లవానికిని మేలు.

ఈ మూడును గాక, పదముల వరుస మారుటచే నేర్పడు ప్రయోగమొకటి గలదు. ‘ఐ హ్యాడ్ స్టిచ్డ్ ఎ బ్లౌజ్’ అనగా ‘నేను రవిక కుట్టి యుంటిని’. ‘ఐ హ్యాడ్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’ అనగా ‘రవిక కుట్టించితిని’. పదములు అవియే. ‘బ్లౌజ్’ అను మాట ముందునకు జరిగినంతనే సూది మన చేతి నుండి దర్జీ చేతిలోనికి పోయినది! తెలుగున ‘ఇంచు’ అను ప్రత్యయము చేయు పనిని ఆంగ్లమున ఈ వరుస చేయుచున్నది. చేయు–చేయించు, కట్టు–కట్టించు, వ్రాయు–వ్రాయించు అను జంటలు చిన్నపిల్లలకు కూడ తెలియును. చేసినవారెవరు, చేయించినవారెవరు అను విషయము స్త్రీలకు అల్పమైనది కాదు. ఇంటి పనిలో మనము చేసినది చేసినట్లే వ్రాయబడవలెను గదా. బిడ్డ తన వ్యాసమున ‘మై మదర్ హ్యాడ్ ది ఫుడ్ కుక్డ్’ అని వ్రాసినచో, తల్లి వంటమనిషిని పెట్టి వండించినదని చదువువారు తలతురు. తెల్లవారుజామున లేచి వండిన తల్లికి అది న్యాయము కాదు.

ఇక మర్యాద మాట. ‘హ్యావ్ సమ్ టీ’ అనగా ‘టీ పుచ్చుకొనుడు’. తినుట, త్రాగుట, స్నానము చేయుట, విశ్రమించుట మొదలగు వానికి ఆంగ్లమున ‘హ్యావ్’ వాడుదురు. మనము ‘భోజనము చేయుడు’, ‘కాఫీ పుచ్చుకొనుడు’, ‘స్నానము కానిండు’ అని వేరు వేరు క్రియలతో నుపచరింతుము. ఈ యర్థమున ‘హ్యావింగ్’ తప్పు కాదు. ‘వి ఆర్ హ్యావింగ్ లంచ్’ అనవచ్చును, ఏలయన భోజనము జరుగుచున్న పని. సైకిలు గలిగియుండుట పని గాదు, స్థితి. ‘ఇది జరుగుచున్నదా, ఊరక ఉన్నదా’ అని అడిగినచో ‘హ్యావింగ్’ ఎక్కడ చెల్లునో, ఎక్కడ చెల్లదో తేలిపోవును.

మరియొక తప్పు మన సంస్కారము నుండియే పుట్టుచున్నది. ‘మా నాయనగారు ఉన్నారు’, ‘అత్తగారు వచ్చినారు’ అని పెద్దలను బహువచనముతో గౌరవించుట మన రీతి. ఆ యలవాటుచే పిల్లలు ‘మై ఫాదర్ హ్యావ్ ఎ షాప్’ అని వ్రాయుదురు. ఆంగ్లమున గౌరవబహువచనము లేదు. తండ్రియైనను, రాజైనను, పాలేరైనను ఒక్కరైనచో ‘హ్యాజ్’ అనియే యనవలెను. అందు అవమానమేమియు లేదని పిల్లలకు చెప్పవలెను. ప్రశ్న వేయునప్పుడు మాత్రము ‘డజ్’ అను మాట ముందు వచ్చి ఆ భారమును తానే మోయును గాన, ‘డజ్ హి హ్యావ్ ఎ షాప్?’ అనవలెను గాని ‘డజ్ హి హ్యాజ్’ అనరాదు. ‘లేదు’ అని చెప్పునప్పుడును ఇదియే నియమము. ‘హి డజ్ నాట్ హ్యావ్’ అనునదే సరియైనది.

ఇన్ని నియమములను కంఠస్థము చేయవలెనని మేము చెప్పము. పిల్లవాడు ‘హ్యావ్’ గల వాక్యమును చదివినప్పుడు తల్లి తెలుగున నాలుగు ప్రశ్నలు వేసిన చాలును. ఇప్పుడు ఉన్నదా, ఒకప్పుడు ఉండెనా? పోయినాడా, పోయి వచ్చినాడా? అక్కర లేదా, కూడదా? తాను చేసినాడా, చేయించినాడా? ఈ ప్రశ్నలకు ఆంగ్లము రానక్కర లేదు. పిల్లవాడు తడబడినచో వానికి పాఠము తెలియలేదని తల్లికి తెలియును. తడబడక చెప్పినచో ఆంగ్లముతో పాటు తెలుగును వానికి వచ్చినట్లే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చి, మన పండితుల యొద్ద కూర్చుండి తెలుగు నేర్చెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును ప్రకటింపగలిగెను. ఒక పరభాషీయుడు తన భాషను కొలబద్దగా చేసికొని మన భాషను అంతగా కొలిచినప్పుడు, మన భాషను కొలబద్దగా చేసికొని ఆంగ్లమును కొలుచుటకు మనమేల జంకవలెను? ఆ కొలబద్ద ప్రతి యింటను తల్లి నాలుకపై నున్నది. దీపము పెట్టిన తరువాత పిల్లలు పుస్తకములు విప్పినప్పుడు సోదరీమణులు వంటింటిలోనికి లేచిపోక, ప్రక్కన కూర్చుండి బియ్యము ఏరుకొనుచునైనను ఈ నాలుగు ప్రశ్నలు వేయుదురు గాక యని మా ప్రార్థన.